రెండు తలుపుల గుడారం

పార్క్ చాన్-వుక్ అనగానే మనలో చాలామందికి 'ఓల్డ్‌బాయ్' గుర్తొస్తుంది. దానికి మూడేళ్ళ ముందు, 2000లో, ఆయన తీసిన 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా' చూసినవాళ్ళు కాస్త తక్కువే. రెండు కొరియాల సరిహద్దు దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు ఉత్తర కొరియా సైనికులు చనిపోతారు. విచారణ చెయ్యడానికి తటస్థ దేశాల తరఫున స్విట్జర్లాండు నుంచి సోఫీ అనే మేజర్ వస్తుంది. ఆమె తండ్రి కొరియా వాడే. సినిమా చివరికొచ్చేసరికి ఆమెను విచారణ నుంచి తప్పిస్తారు. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆమె తండ్రి ఎవరో బయటపడింది, అంతే. ఉత్తర కొరియా సైన్యంలో పనిచేసి యుద్ధఖైదీగా దొరికిన ఆ మనిషి, యుద్ధం ఆగాక ఉత్తరానికీ పోలేదు, దక్షిణానికీ పోలేదు. మూడో దేశం కోరుకున్న 76 మందిలో అతనొకడు.

సినిమాలో ఇది పక్కవిషయం. కానీ ఆ 76 అన్న అంకె కల్పన కాదు. 1954 ఫిబ్రవరిలో 76 మంది కొరియన్లు, 12 మంది చైనీయులు, మొత్తం 88 మంది యుద్ధఖైదీలు ఓడలో వచ్చి మద్రాసు రేవులో దిగారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఐదు నెలలు కూడా కాలేదు. మద్రాసు ఎవరిదన్న గాయం మనవాళ్ళకి ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ఊరి రేవులోనే, తమ దేశంలో ఏ ముక్కా తమది కాదనుకున్న మనుషులు దిగారు.

కొరియా యుద్ధం గురించి చదువుతున్నప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఈ 88 మంది కథే. లక్షల్లో చనిపోయిన యుద్ధంలో 88 ఏపాటి లెక్క అనిపించవచ్చు. కానీ ఆ యుద్ధం చివర్లో వేలమందిని ఒక్కొక్కరినీ పిలిచి 'నువ్వు ఎటు?' అని అడిగారు. ఆ ప్రశ్న నిజంగా ఎంత విలువైనదో తెలుసుకోవాలంటే, రెండు జవాబుల్లో ఏదీ ఇవ్వనివాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. అంతకుముందు, ఆ ప్రశ్న పుట్టిన గీత దగ్గరికి వెళ్ళాలి.

*

1945 ఆగస్టు 10 అర్ధరాత్రి. జపాన్ లొంగిపోబోతోందని తెలిసిపోయింది. రెండు రోజుల కిందటే యుద్ధంలోకి దిగిన సోవియట్ సైన్యం వేగంగా కొరియా వైపు వస్తోంది. అమెరికా సైన్యం ఇంకా ఎక్కడో దూరాన ఉంది. జపాన్ సేనలు ఎక్కడ ఎవరికి లొంగిపోవాలో తేల్చమని వాషింగ్టన్‌లో ఇద్దరు కల్నల్స్‌కి పని అప్పగించారు. వాళ్ళు డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్. ఇచ్చిన సమయం అరగంట. చేతిలో ఉన్నది ఒక నేషనల్ జియోగ్రాఫిక్ పటం. రాజధాని సియోల్ తమ వైపు ఉండేట్టు చూసుకుని 38వ అక్షాంశ రేఖను సూచించారు. ఇద్దరిలో ఎవరూ కొరియా తెలిసినవాళ్ళు కారు. సోవియట్లు మారుమాట లేకుండా ఒప్పుకోవడం చూసి తనకే ఆశ్చర్యం వేసిందని రస్క్ తర్వాత రాశాడు.

ఆ గీతకి నేలతో సంబంధం లేదు. 12 నదుల్ని, 75కి పైగా వాగుల్ని, 6 రైలు మార్గాల్ని అది అడ్డంగా కోసింది. పడమటి తీరంలో ఒంగ్జిన్ ద్వీపకల్పం గీతకి దక్షిణాన పడింది గానీ, అక్కడి నుంచి మిగతా దక్షిణానికి నేలమీద వెళ్ళే దారి లేకుండా పోయింది. జపాన్ కట్టిన భారీ పరిశ్రమలు, జలవిద్యుత్ కేంద్రాలు ఎక్కువగా ఉత్తరానికి పోయాయి. వరి పొలాలు ఎక్కువగా దక్షిణానికి దక్కాయి. ఒకే ఇంట్లో పొయ్యి ఒక వాటాకి, బియ్యం డబ్బా ఇంకో వాటాకి ఇచ్చినట్టు. 1948 మే నెలలో ఉత్తరం కరెంటు ఆపేసినప్పుడు దక్షిణానికి ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

ఇక్కడ మనం మర్చిపోతూ ఉండేది ఒకటుంది. జపాన్ వెళ్ళిపోగానే కొరియా ఖాళీ పలకలా లేదు. 1910 నుంచి 35 ఏళ్ళు పరాయి పాలనలో నలిగిన జనం, ఆగస్టు 15 దాటగానే ఊరూరా ప్రజా కమిటీలు పెట్టుకున్నారు. ధాన్యం గిడ్డంగులకు కాపలా, ఊళ్ళో శాంతిభద్రతలు, జపనీయులు వదిలిపోయిన ఆస్తుల లెక్కలు ఈ కమిటీలే చూసుకున్నాయి. ల్యొ ఉన్-హ్యొంగ్ అనే వామపక్ష జాతీయవాది చొరవతో సెప్టెంబరు 6న సియోల్‌లో 'కొరియా ప్రజా రిపబ్లిక్' ప్రకటించారు. రెండు రోజుల తర్వాత జనరల్ హాడ్జ్ నాయకత్వంలో అమెరికా సైన్యం దిగింది. ఆ రిపబ్లిక్‌ని గుర్తించేది లేదంది. ప్రజా కమిటీల్ని తీసేసి, జపాన్ కింద పనిచేసిన పోలీసుల్నే మళ్ళీ వీధుల్లోకి పంపింది. ల్యొ 1947 జులైలో సియోల్‌లో హత్యకు గురయ్యాడు. రెండు వైపులతోనూ మాట్లాడగల మనుషుల్లో ఆయన ముఖ్యుడు.

ఉత్తరాన సోవియట్లు తెలివిగా ప్రజా కమిటీల్ని ఉంచారు. ఉంచి, వాటి పైన తమ మనుషుల్ని కూర్చోబెట్టారు. మంచూరియాలో జపాన్ మీద గెరిల్లా యుద్ధం చేసి, తర్వాత సోవియట్ సైన్యంలో పనిచేసిన కిమ్ ఇల్-సుంగ్ అలా పైకొచ్చాడు. 1946 మార్చిలో భూసంస్కరణ చట్టం వచ్చింది. భూస్వాముల భూమిని పరిహారం లేకుండా తీసుకుని 7 లక్షలకు పైగా కుటుంబాలకు ఉచితంగా పంచారు. తరతరాలుగా పంటలో సగం కౌలుకే పోగొట్టుకున్న రైతుకి ఇది ఏ దేశం కుట్రా కాదు. తన పొలం తనకి రావడం. కొరియాలో కమ్యూనిజం బయటినుంచి దించిన సరుకు అనేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు.

అయితే ఇదే కథకి రెండో కొస దక్షిణాన తేలింది. భూములు పోయిన కుటుంబాలు, క్రైస్తవులు, పార్టీతో పడనివాళ్ళు లక్షల్లో గీత దాటి కిందికొచ్చారు. వాళ్ళలోని కుర్రాళ్ళతో 'వాయవ్య యువజన సంఘం' అనే కమ్యూనిస్టు వ్యతిరేక ముఠా తయారైంది. 1948 ఏప్రిల్ 3న జేజు ద్వీపంలో వామపక్షాల తిరుగుబాటు మొదలైనప్పుడు, దాన్ని అణచడానికి పోలీసులతో పాటు ఈ ముఠానీ పంపారు. కొండల్లో ఉన్న గెరిల్లాలు వందల్లో. చనిపోయిన ద్వీపవాసులు 25 నుంచి 30 వేలు. ఉత్తరాన విప్లవం తరిమినవాళ్ళు దక్షిణాన ఆ కసి తీర్చుకున్నది తమ భూముల సంగతే తెలియని పల్లెజనం మీద.

జేజు ఎందుకు రగిలిందో చూస్తే మన దేశం పేరు కూడా వస్తుంది. దేశమంతా ఎన్నికలు జరపడానికి ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడు కె.పి.ఎస్. మీనన్. ఉత్తరం ఆ కమిషన్ని లోపలికి రానివ్వలేదు. అయితే దక్షిణంలో మాత్రమే ఎన్నికలు పెడదామని అమెరికా పట్టుబట్టింది. అలా చేస్తే చీలిక శాశ్వతమవుతుందని మీనన్‌కి తెలుసు, మొదట్లో ఆయన వెనకాడాడు కూడా. కెనడా, ఆస్ట్రేలియా చివరిదాకా ఒప్పుకోలేదు. భారత్ ఒప్పుకుంది. 1948 మే 10న దక్షిణంలో ఎన్నికలు జరిగాయి. ఆగస్టు 15న అక్కడ సింగ్‌మన్ రీ ప్రభుత్వం, సెప్టెంబరు 9న ఉత్తరాన కిమ్ ప్రభుత్వం వచ్చాయి. రెండూ మొత్తం కొరియా తమదేనన్నాయి. ఇద్దరు కల్నల్స్ పెన్సిలుతో గీసిన గీత గట్టిపడటంలో మన సంతకం కూడా ఉంది.

*

యుద్ధం గురించి చాలా పుస్తకాలున్నాయి కాబట్టి నేను త్వరగా చెప్పేస్తాను. 1950 జూన్ 25 తెల్లవారుజామున ఉత్తర సైన్యం సోవియట్ ట్యాంకులతో గీత దాటింది. సోవియట్ పత్రాలు 1990లలో బయటికొచ్చాక ఇందులో వాదనకి చోటు లేదు. కిమ్ పదేపదే అడగడం, 1950 మొదట్లో స్టాలిన్ సరేననడం, మే నెలలో మావో కూడా ఒప్పుకోవడం, అన్నీ రికార్డయి ఉన్నాయి. మూడు రోజుల్లో సియోల్ పడిపోయింది. సోవియట్ ప్రతినిధి భద్రతా మండలిని బహిష్కరించి బయట ఉన్న సమయం అది. అమెరికా నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి జెండా కింద 16 దేశాల సైన్యాలు దిగాయి. మన దేశం తుపాకులు పంపలేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది.

సెప్టెంబరులో ఇంచన్ దగ్గర దిగిన అమెరికన్లు యుద్ధాన్ని తిప్పేశారు. గీత దాకా వచ్చి ఆగి ఉంటే, మొదట చెప్పుకున్న లక్ష్యం నెరవేరినట్టే. ఆగలేదు. అక్టోబరు 3 తెల్లవారకముందే చౌ ఎన్-లై పెకింగ్‌లోని మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ని పిలిపించి, అమెరికన్లు గీత దాటితే చైనా దిగుతుందని చెప్పాడు. పణిక్కర్ మాటని వాషింగ్టన్ కమ్యూనిస్టు సానుభూతిపరుడి బెదిరింపుగా కొట్టిపారేసింది. అక్టోబరు 19న చైనా 'స్వచ్ఛంద సేన' యాలూ నది దాటింది. ఒక్క ఏడాదిలోపే సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. తేజాన్ అనే ఊళ్ళో 1950 జులైలో దక్షిణ పోలీసులు, సైనికులు వేలమంది రాజకీయ ఖైదీల్ని చంపి గోతుల్లో వేశారు. సెప్టెంబరులో అదే ఊళ్ళో ఉత్తర సైన్యం వెనక్కి పోతూ తన వంతు వందలమందిని చంపింది. పైనుంచి అమెరికా 6,35,000 టన్నుల బాంబులు, 32 వేల టన్నులకు పైగా నాపామ్ కురిపించింది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ రంగమంతటా వేసినదానికన్నా ఇది ఎక్కువ.

ఈ యుద్ధం గురించి మన దగ్గర రెండు కథలు వినిపిస్తాయి. ఎడమ వైపు మిత్రులకి ఇది జూన్ 25న మొదలవదు. అమెరికా దిగిన రోజున మొదలవుతుంది. కుడి వైపు మిత్రులకి జూన్ 25కి ముందు చరిత్రే లేదు. జేజు లేదు, ప్రజా కమిటీలు లేవు, కౌలు రైతు లేడు. నాకు అర్థమైనంతలో విప్లవానికి కారణాలు కొరియాలోనే ఉన్నాయి. ఆ విప్లవాన్ని ట్యాంకులతో దక్షిణానికి తీసుకెళ్ళాలన్న నిర్ణయం మాత్రం మాస్కో అనుమతి లేకుండా జరిగేది కాదు. దక్షిణాన ప్రభుత్వానికీ కమ్యూనిస్టులంటే నిజంగా భయపడే జనం ఉన్నారు. కానీ ఆ ప్రభుత్వం నిలబడింది వాషింగ్టన్ భుజం మీద. ఇంటి గొడవకి రెండు వైపులా బయటివాళ్ళని పిలిచారు. వచ్చినవాళ్ళు గొడవని తమదిగా చేసుకున్నారు.

స్టాలిన్ విప్లవాల్ని ఏ తూకంతో తూచేవాడో మన తెలుగువాళ్ళకి కాస్త దగ్గరగా తెలుసు. 1951 ఫిబ్రవరిలో, కొరియాలో యుద్ధం జోరుగా నడుస్తుండగా, భారత కమ్యూనిస్టు పార్టీ నుంచి నలుగురు రహస్యంగా మాస్కో వెళ్ళి ఆయన్ని కలిశారు. డాంగే, అజయ్ ఘోష్‌లతో పాటు ఆ నలుగురిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం సంగతి చర్చకొచ్చింది. చైనా పార్టీకి వెనక ఆనుకోవడానికి సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటిది లేదు కదా అన్నది స్టాలిన్ వాదన సారం. ఆ అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. కిమ్‌కి ట్యాంకులు దొరికాయి, మనవాళ్ళకి సలహా దొరికింది. పేదరికం రెండుచోట్లా ఉంది, దొరలు రెండుచోట్లా ఉన్నారు. సోవియట్ సరిహద్దు ఒకచోటే ఉంది. మనకి ఆ సరిహద్దు ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

*

1951 జులైలో చర్చలు మొదలయ్యాయి. సైన్యాలు అప్పటికి దాదాపు మొదలైనచోటే నిలిచి ఉన్నాయి. 1952 వసంతానికల్లా మిగతా అంశాలన్నీ దాదాపు తేలిపోయాయి, ఒక్క ఖైదీల సంగతి తప్ప. ఆ ఒక్కదాని మీద యుద్ధం ఇంకో 15 నెలలు సాగింది. ఉత్తరాన జలవిద్యుత్ కేంద్రాల మీద, చివరికి పొలాలకు నీళ్ళిచ్చే ఆనకట్టల మీద బాంబులు పడ్డది ఈ నెలల్లోనే.

1949 జెనీవా ఒప్పందం ప్రకారం పోరు ఆగగానే ఖైదీల్ని ఆలస్యం లేకుండా స్వదేశానికి పంపేయాలి. చైనా, ఉత్తర కొరియా అదే అడిగాయి. ట్రూమన్ ఒప్పుకోలేదు. వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళని బలవంతంగా పంపబోమన్నాడు. దీని వెనక నిజమైన జ్ఞాపకం ఒకటుంది. 1945లో జర్మనీ నుంచి విడిపించిన సోవియట్ ఖైదీల్ని మిత్రదేశాలు బలవంతంగా వెనక్కి పంపితే, వాళ్ళలో ఎంతోమంది నేరుగా లేబర్ క్యాంపులకి పోయారు. మళ్ళీ ఆ పాపం వద్దనుకోవడంలో తప్పు పట్టడానికేముంది? మనిషిని అడిగి పంపాలి అనే మాటని ఎవరు కాదంటారు?

కానీ అడిగింది ఎక్కడ, ఎలా అన్నది చూడాలి. ఐక్యరాజ్యసమితి చేతిలోని 1,32,000 మంది ఖైదీల్లో ఎక్కువమంది కోజే ద్వీపంలో ఉన్నారు. వాళ్ళలో అందరూ మనం అనుకునే 'ఉత్తర కొరియా సైనికులు' కారు. సియోల్ పడిపోయినప్పుడు ఉత్తర సైన్యం బలవంతంగా చేర్చుకున్న దక్షిణాది కుర్రాళ్ళు వాళ్ళలో వేలల్లో ఉన్నారు. చైనా ఖైదీల్లో చాలామంది ఒకప్పుడు చియాంగ్ కై-షేక్ సైనికులు. అంతర్యుద్ధంలో ఓడిపోయాక మావో సైన్యంలోకి వచ్చినవాళ్ళు. ముళ్ళకంచె లోపల క్యాంపులు రెండుగా చీలిపోయాయి. కొన్ని ఆవరణల్లో కమ్యూనిస్టు సంఘాలు రాత్రిపూట 'ప్రజా కోర్టులు' పెట్టి ద్రోహుల్ని చంపేవి. కొన్ని ఆవరణల్లో కమ్యూనిస్టు వ్యతిరేక ముఠాలు తోటి ఖైదీల ఒంటిమీద బలవంతంగా పార్టీ వ్యతిరేక నినాదాలు పచ్చబొట్టు పొడిచేవి. అలాంటి పచ్చబొట్టుతో చైనాకి తిరిగి వెళ్ళడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1952 మే 7న ఖైదీలు ఏకంగా క్యాంపు కమాండర్ జనరల్ డాడ్‌నే లోపలికి లాగి మూడు రోజులు బందీగా ఉంచారు. నెల తర్వాత ట్యాంకులతో వచ్చి ఆ ఆవరణల్ని చెదరగొట్టారు. తుపాకులు ఉన్నచోట ఆగిపోయిన యుద్ధం, తుపాకులు లేనిచోట నడుస్తూనే ఉంది.

ఈ ముడి విప్పే సూత్రం భారత్ నుంచి వచ్చింది. వి.కె. కృష్ణమీనన్ తయారుచేసిన తీర్మానం 1952 డిసెంబరు 3న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో నెగ్గింది. ఖైదీల్ని రెండు పక్షాల చేతుల్లోంచి తీసి తటస్థుల చేతిలో పెట్టాలి, అక్కడ స్వేచ్ఛగా అడగాలి అన్నది సారాంశం. సోవియట్ పక్షం అప్పుడు దాన్ని ఎగతాళి చేసింది. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోయాడు. జూన్ 8న కుదిరిన ఒప్పందం దాదాపు ఆ చట్రంలోనే ఉంది. దీన్ని చెడగొట్టడానికి సింగ్‌మన్ రీ జూన్ 18న క్యాంపుల గేట్లు తీయించి సుమారు 27 వేలమంది ఖైదీల్ని వదిలేశాడు. అయినా జులై 27న యుద్ధ విరమణ పత్రం మీద సంతకాలయ్యాయి. దక్షిణ కొరియా సంతకం మాత్రం దాని మీద లేదు.

*

స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లొవేకియా, భారత్, ఈ అయిదు దేశాలతో ఖైదీల అప్పగింత సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీల్ని కాపలా కాసే పని పూర్తిగా మన సైన్యానిదే, దాని నాయకుడు మేజర్ జనరల్ తోరట్. భారత సైనికుల్ని తన నేలమీద అడుగు పెట్టనివ్వనని రీ భీష్మించుకున్నాడు. దాంతో వేలమంది జవాన్లని ఇంచన్ నుంచి హెలికాప్టర్లలో నేరుగా సైన్యరహిత ప్రాంతానికి చేరవేయాల్సి వచ్చింది. అక్కడ వాళ్ళు వేసుకున్న గుడారాల ఊరికి 'హింద్ నగర్' అని పేరు పెట్టుకున్నారు.

మనవాళ్ళ చేతికి వచ్చిన ఖైదీలు ఐక్యరాజ్యసమితి వైపు నుంచి 22,604 మంది. అందులో చైనీయులు 14,704, కొరియన్లు 7,900. కమ్యూనిస్టుల వైపు నుంచి 359 మంది. ఇందులో 335 మంది దక్షిణ కొరియన్లు, 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిషు సైనికుడు. సెప్టెంబరులో చైనా ఖైదీలు ఒక భారతీయ మేజర్‌ని పట్టుకుంటే, తోరట్ స్వయంగా వాళ్ళ మధ్యకి వెళ్ళి మాట్లాడి విడిపించుకొచ్చాడు. అన్నిసార్లూ అలా జరగలేదు. అక్టోబరు మొదట్లో అల్లర్లలో మన జవాన్లు కాల్పులు జరిపారు, ఖైదీలు చనిపోయారు. తటస్థుడి చేతికీ నెత్తురంటింది.

అసలు ప్రశ్న అడిగే ఏర్పాటు ఇలా ఉండేది. ఒక గుడారం. లోపల బల్ల వెనక ఖైదీ స్వదేశం నుంచి వచ్చిన అధికారులు, అనువాదకులు, అయిదు తటస్థ దేశాల ప్రతినిధులు, అవతలి పక్షం పరిశీలకులు. జవాన్లు ఖైదీని లోపలికి తెస్తారు. ఇంటికి రమ్మని, ఏ శిక్షా ఉండదని అధికారులు నచ్చజెబుతారు. విన్నాక ఖైదీ బయటికి పోవడానికి రెండు తలుపులు. ఒకటి స్వదేశానికి వెళ్ళేది, రెండోది వెళ్ళనిది. కొందరు లోపలికి వస్తూనే నినాదాలు అరిచేవాళ్ళు. కొందరిని జవాన్లు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది. ఒప్పందంలో దీనికిచ్చిన గడువు 90 రోజులు. ఆవరణల్లోంచి బయటికి రామని ఖైదీలు, ఒక్కొక్కరితో గంటలు గడుపుతూ అధికారులు, ఇలా ఇద్దరూ సాగదీయగా పని నిజంగా జరిగింది పదే రోజులు.

చివరికి 22,604 మందిలో స్వదేశానికి పోయినవాళ్ళు 628 మంది. మిగతావాళ్ళలో 21,839 మందిని 1954 జనవరిలో వాళ్ళని తెచ్చిన పక్షానికే అప్పగించారు. చైనీయులు తైవాన్ వెళ్ళారు, కొరియన్లు దక్షిణంలో కలిశారు. అవతలి వైపు 359 మందిలో 21 మంది అమెరికన్లతో సహా 347 మంది కమ్యూనిస్టుల దగ్గరే ఉండిపోయారు. రెండు రాజధానుల్లోనూ ఈ అంకెలతో పండగ చేసుకున్నారు. తైవాన్‌లో జనవరి 23ని 'స్వాతంత్ర్య దినం' అన్నారు.

ఫారాలు తయారుచేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. రెండే ఆప్షన్లు పెట్టి, ఒకదాని పక్కన మనిషిని నిలబెట్టి, తర్వాత వచ్చిన శాతాన్ని 'యూజర్లు కోరుకున్నది' అని రిపోర్టులో రాయడం ఎంత తేలికో నాకు తెలుసు. తిమ్మయ్య సంఘంలో భారత్, పోలండ్, చెకోస్లొవేకియా రాసిన మెజారిటీ నివేదిక ఇంచుమించు ఇదే చెప్పింది. ఆవరణల్లో ముఠాల పట్టు సడలలేదు, ఇంటికి పోవాలనుకున్నవాడు ప్రాణభయంతో, దొంగచాటుగా ఆ మాట చెప్పుకోవాల్సి వచ్చింది అని. స్వీడన్, స్విట్జర్లాండ్ ఆ నివేదికతో ఏకీభవించలేదు. మెజారిటీ మాట నిజమైతే అది రెండు వైపుల అంకెలకీ వర్తిస్తుంది. అలాగని ఆ 21 వేలమందిలో మనస్ఫూర్తిగా వద్దనుకున్నవాళ్ళే లేరనడం కూడా అన్యాయమే. అసలు దక్షిణాది పల్లె నుంచి ఉత్తర సైన్యంలోకి లాక్కుపోయినవాడికి 'స్వదేశం' ఏది? అమ్మ ఉన్న ఊరు. దానికి ఏ తలుపు మీదా బోర్డు లేదు.

*

ఒప్పందంలో ఎక్కడో ఒక చిన్న అంశం ఉంది. తటస్థ దేశానికి వెళ్ళాలని కోరుకునేవాళ్ళకి సంఘమూ, భారత రెడ్‌క్రాసూ సాయపడాలి అని. గుడారానికి లేని మూడో తలుపు అదే. దానిలోంచి బయటికొచ్చినవాళ్ళే ఆ 88 మంది. ఐక్యరాజ్యసమితి వైపు నుంచి 86 మంది, కమ్యూనిస్టుల వైపు నుంచి ఇద్దరు.

మద్రాసు నుంచి వాళ్ళని ఢిల్లీ తీసుకెళ్ళి కంటోన్మెంటులో ఉంచారు. ఏ దేశం పంపాలో ఢిల్లీ ప్రభుత్వం రెండేళ్ళు వెతికింది. చాలామంది 1956లో బ్రెజిల్ వెళ్ళారు. కొందరు అర్జెంటీనా వెళ్ళారు. కొద్దిమంది మనసు మార్చుకుని వెనక్కి పోయారు. మరికొద్దిమంది ఇక్కడే ఉండిపోయారు. తటస్థ దేశం అంటే భారత్ కాబోలని మనం గర్వపడబోతే, ఎక్కువమందికి మనం మజిలీ మాత్రమే.

వీళ్ళ గురించి కొరియా సాహిత్యంలో నిలిచిపోయిన నవల చొయ్ ఇన్-హున్ రాసిన 'గ్వాంగ్‌జాంగ్'. పేరుకి మన మాటల్లో 'కూడలి' అనుకోవచ్చు. చొయ్ ఉత్తరాదివాడు. చిన్నప్పుడే, 1950లో, యుద్ధం మధ్యలో కుటుంబంతో ఓడెక్కి దక్షిణానికి వచ్చాడు. రీ ప్రభుత్వం బతికుండగా ఈ నవల అచ్చయ్యే అవకాశం లేదు. 1960 ఏప్రిల్‌లో విద్యార్థుల ఉద్యమం రీని దించేసింది, ఆ ఏడాది చివర్లోనే నవల పత్రికలో వచ్చింది.

కథానాయకుడు లీ మ్యొంగ్-జున్ సియోల్‌లో తత్వశాస్త్రం విద్యార్థి. తండ్రి కమ్యూనిస్టు, ఉత్తరాన ఉన్నాడన్న కారణానికి పోలీసులు పిలిచి కొడతారు. ఉత్తరానికి పారిపోతాడు. అక్కడ విప్లవం అనే మాట ఉంటుంది గానీ దాని వేడి కనిపించదు. దక్షిణాన ఎవరి గది వాళ్ళది, కలుసుకునే కూడలి లేదు. ఉత్తరాన కూడలి తప్ప ఏమీ లేదు, తలుపేసుకోవడానికి గది లేదు. యుద్ధంలో ప్రేమించిన మనిషిని పోగొట్టుకుని ఖైదీ అవుతాడు. గుడారంలో రెండు పక్షాలవాళ్ళూ ఎంత బతిమాలినా, ఎన్ని ఆశలు చూపినా అతను ఇచ్చే జవాబు ఒక్కటే, తటస్థ దేశం. అతన్ని తీసుకెళ్ళే ఓడకి చొయ్ పెట్టిన పేరు 'టాగోర్'. ఆ ఓడ మన దేశం వైపు సాగిపోతుంది. మ్యొంగ్-జున్ చేరడు, దారిలో సముద్రంలో కలిసిపోతాడు.

నిజంలో 88 మంది చేరారు. బ్యూనస్ ఎయిరెస్‌లోనో సావో పాలోలోనో పిల్లల్ని కని బతికినవాళ్ళు ఉన్నారు. మరి నవలాకారుడు ఎందుకు ముంచేశాడు? మొదట నాకిది మెలోడ్రామాలా అనిపించింది. రెండోసారి చదివినప్పుడు ఇంకోలా కనిపించింది. మ్యొంగ్-జున్ కోరిన తటస్థ దేశం పటంలో ఉన్న దేశం కాదు. ఎవరూ తనని ఎటువైపు అని అడగని చోటు. అలాంటి చోటుకి ఓడ టిక్కెట్టు దొరకదు. చొయ్ తన జీవితమంతా ఈ నవలని మళ్ళీ మళ్ళీ తిరగరాశాడు. ముగింపు మాత్రం ఆ నీళ్ళలోనే ఉంచాడు.

*

యుద్ధ విరమణ ఒప్పందం, కొరియా భవిష్యత్తు తేల్చడానికి రాజకీయ సమావేశం జరపాలంది. అది 1954 ఏప్రిల్‌లో జెనీవాలో మొదలైంది. జూన్ 15కల్లా ఏమీ తేలకుండా ముగిసింది. అదే ఊళ్ళో, అదే సమావేశంలో తర్వాతి అంశం వియత్నాం. జులై 21న అక్కడ 17వ అక్షాంశ రేఖ దగ్గర కొత్త గీత పడింది, తాత్కాలికం అన్నారు. జనం తమకిష్టమైన వైపుకి వెళ్ళడానికి 300 రోజుల గడువిచ్చారు. పర్యవేక్షించే కమిషన్‌కి అధ్యక్షత మళ్ళీ భారత్‌దే. ఎనిమిది లక్షలకు పైగా జనం మూటలు కట్టుకుని దక్షిణానికి నడిచారు, లక్షకు పైగా ఉత్తరానికి వెళ్ళారు. పదేళ్ళ తర్వాత ఆ దక్షిణాన్ని కాపాడాలంటూ అమెరికా సైన్యాన్ని దింపినప్పుడు, విదేశాంగ మంత్రి డీన్ రస్క్. 38వ రేఖ దగ్గర అప్పుడు ఐక్యరాజ్యసమితి సేనల కమాండర్‌గా ఉన్నది, 1966 నుంచి 1969 దాకా, చార్లెస్ బోన్‌స్టీల్.

కొరియాలో చనిపోయినవాళ్ళు 25 నుంచి 30 లక్షలంటారు. యుద్ధానికి ముందు కేసొంగ్ పట్నం గీతకి కొంచెం కింద, దక్షిణంలో ఉండేది. కొత్త గీత కొంచెం వంకరగా పడటంతో అది ఉత్తరానికి పోయింది. ఆ ఊరివాళ్ళు ఒక్క అడుగు కదలకుండా దేశం మారిపోయారు. వాళ్ళ కోసం ఎవరూ గుడారం వేయలేదు, రెండు తలుపులది కూడా.